ఎముకల వార్డులో రాణి ఈగ

ఆ సోమవారం పొద్దున మావయ్య పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. వీపు ఊడిన పుస్తకాలు పదకొండున్నాయి. వాటిని కుట్టాలి, అట్టలు అంటించాలి, పన్నెండింటికి ఆసుపత్రి వ్యాను వచ్చేలోగా కట్ట కట్టి గుమ్మం దగ్గర పెట్టాలి. తరవాత ఇంటికి వెళ్ళి ఒక కునుకు తియ్యాలి. నలభై ఆరేళ్ళు కుట్టు మిషను తొక్కిన మనిషికి ఇది చేతికి చెమట పట్టని పని.

కన్నవాళ్ళు ఆయనకి పెట్టిన పేరు వేరే ఉంది. కానీ కోడలు "మావయ్యా" అని పిలుస్తుంది కనక పుస్తకాల గదిలో మిగతావాళ్ళూ అదే అందుకున్నారు. ఆయనకన్నా రెండేళ్ళు పెద్దదైన రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ కూడా "మావయ్యగారూ" అనే పిలిచేది. ఆయన పలికేవాడు.

ఆ గది ఒకప్పుడు టైర్ల గోడౌను. వాన పడితే ఇప్పటికీ రబ్బరు వాసన వేస్తుంది. కోడలు మరో నలుగురిని కూడగట్టి అందులో పుస్తకాల సేకరణ మొదలుపెట్టింది. జనం ఇళ్ళలో చదివేసినవీ, చదవలేక వదిలేసినవీ తెచ్చి ఇస్తారు. వీళ్ళు దుమ్ము దులిపి, రకాలవారీగా విడదీసి, చిరిగినవి బాగుచేసి బళ్ళకీ ఆసుపత్రులకీ పంపుతారు. ఎవరికీ జీతం లేదు. టీ మాత్రం వేళకి వస్తుంది.

మావయ్య అక్కడికి చేరడం వెనక చిన్న కథ ఉంది. మోకాళ్ళు మొరాయించి రెండేళ్ళ కిందట షాపు మూసేశాక ఆయన కాళ్ళు ఊరుకున్నాయి గాని చేతులు ఊరుకోలేదు. ఇంట్లో కర్టెన్లన్నీ జానెడు కురచయ్యాయి. దిండు గలీబులకు జేబులొచ్చాయి. కొడుకు ఆఫీసు చొక్కాలకు ఎవరూ అడగని లోపలి జేబులు పడ్డాయి. ఒకరోజు ఆయన టేపు పట్టుకుని సోఫా కొలతలు తీస్తుంటే కోడలు చూసింది. మర్నాడే, "మావయ్యా, మా గదిలో చిరిగిన పుస్తకాలు కుప్పలు పడున్నాయి. మీరు తప్ప దిక్కులేదు, ఒకసారి వస్తారా?" అని తీసుకెళ్ళింది. అప్పటినుంచి ఇంట్లో బట్టలు ఊపిరి పీల్చుకున్నాయి. ఆయన పుస్తకాలు చదివేవాడు కాదు. కుట్టేవాడు. ఆ కుట్టు చూస్తే మాత్రం ఎవరికైనా పుస్తకం చేతిలోకి తీసుకోవాలనిపించేది.

ఇక ఆ సోమవారం. బయల్దేరేముందు చెప్పులు తొడుక్కుందామని ఆయన కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీలో అప్పటికే ఆయన కళ్ళజోడు ఉంది.

ముక్కలు రుమాల్లో మూటగట్టుకుని వీధి చివర కళ్ళజోళ్ళ షాపులో ఇచ్చాడు. గురువారానికిగాని అవదన్నాడు షాపువాడు. కోడలికి చెబుదామా అనుకుని మానేశాడు. చెబితే, "అయితే గురువారందాకా ఇంట్లోనే ఉండండి మావయ్యా" అంటుంది. ఇంట్లో ఉండటమంటే ఏమిటో ఆయనకి రెండేళ్ళుగా తెలుసు.

సూదిలో దారం ఎక్కించడానికి ఆయనకి కళ్ళక్కర్లేదు. కిటికీ వెలుగులో చెయ్యంత దూరం పెట్టి చూస్తే అంకెలు కూడా కనిపిస్తున్నాయి. జీవితమంతా టేపు మీద అంకెలు చూసిన కళ్ళు. అక్షరాలే చీమల బారులా కదిలిపోతున్నాయి. కుట్టేవాడికి అక్షరాలతో పనేముంది అనుకున్నాడు.

ఆ పదకొండూ ఒకే ప్రచురణవాళ్ళ చిన్న సైజు పుస్తకాలు. ఒకే పసుపు కాగితం, ఒకే అచ్చు. ప్రతిదీ సరిగ్గా నూట అరవై పేజీలు, అంటే పదహారేసి పేజీల మడతలు పది. శనివారమే పాత దారాలు కోసి, ఏ పుస్తకం మడతలు ఆ పుస్తకానికి విడివిడిగా బల్ల మీద పేర్చి ఉంచాడు. ఇప్పుడు కత్తెర కోసం చెయ్యి చాపాడు. మోచేయి ఆయనకి చెప్పకుండానే వెళ్ళి మొదటి కట్టను తోసింది. మొదటిది రెండోదాన్ని తోసింది. ఒక్క నిమిషంలో నూటపది మడతలూ నేల మీద పరుచుకున్నాయి.

"ఏమైంది మావయ్యగారూ?" అంది గది ఆ చివరినుంచి హెడ్‌మిస్ట్రెస్.

"ఏం లేదండీ. కింద పెట్టుకుని సర్దుకుంటున్నాను."

నిజంగానే సర్దాడు. పేజీ అంకెలు చూసి, ఒకటితో మొదలయ్యేవన్నీ ఒకచోట, పదిహేడుతో మొదలయ్యేవన్నీ ఒకచోట, ముప్పై మూడువి ఒకచోట, చిన్న సైజు చొక్కాలూ పెద్ద సైజు చొక్కాలూ వేరు చేసినట్టు పది దొంతర్లు పెట్టాడు. ఒక్కో దొంతరలో పదకొండు. లెక్క కుదిరింది. ప్రతి దొంతర నుంచీ ఒకటి తీసి వరసగా కుట్టుకుంటూ పోయాడు. పదకొండు పుస్తకాలు తయారయ్యాయి. పైన పదకొండు అట్టలు అంటించాడు. ఒక్క మడత మిగల్లేదు, ఒక్కటి తగ్గలేదు.

పదకొండు ముప్పావుకి కోడలు వచ్చి ఒక పుస్తకం అంచు పట్టుకుని ఫరఫరా తిప్పింది. ఒకటి నుంచి నూట అరవై దాకా అంకెలు క్రమం తప్పలేదు. "ఒక్క పేజీ కూడా అటూ ఇటూ కాలేదు. మీ చేతిలో ఏముందో గాని మావయ్యా" అంది. ఆయన దారం తెంపాడు. వ్యాను వచ్చింది. పుస్తకాలు ఆసుపత్రిలో మగవాళ్ళ ఎముకల వార్డుకి వెళ్ళిపోయాయి. కాళ్ళు పైకి వేలాడదీసుకుని నెలల తరబడి పైకప్పు చూస్తూ పడుకునేవాళ్ళు అక్కడుంటారు. పుస్తకాలు అందిన పావుగంటలో వార్డు చడీచప్పుడు లేకుండా అయిపోయింది.

నాలుగో మంచం మీద బస్సు కండక్టరు ఒకాయన తొడదాకా కట్టుతో ఉన్నాడు. ఆయనకి అపరాధ పరిశోధన నవల దొరికింది. నలభై ఎనిమిదో పేజీ చివర ఇన్‌స్పెక్టరు పిస్తోలు పట్టుకుని చీకటి గది తలుపు మెల్లగా తోశాడు. నలభై తొమ్మిదో పేజీ మొదట్లో, "లోపల రాణి గుడ్లు పెడుతూ కనిపిస్తుంది. ఆమెను ఎట్టి పరిస్థితిలోనూ కంగారు పెట్టరాదు" అని ఉంది. కండక్టరు ఒకసారి తల విదిలించుకుని మళ్ళీ చదివాడు. ఇది మామూలు నవల కాదని ఆయనకి అర్థమైంది. రాణి అనేది ముఠా నాయకురాలి మారుపేరై ఉంటుంది. గుడ్లంటే బాంబులు. ఇక పుస్తకం కింద పెట్టలేదు.

ఆరో మంచం మీద లెక్కల మాస్టారుకి సంసార పక్షపు నవల వచ్చింది. భర్త భార్య భుజం మీద చెయ్యి వేసి, "ఒక్క మాట మాట్లాడు" అని బతిమాలాడు. ఆమె మాట్లాడలేదు. పక్క పేజీ మొదట్లో, "అప్పటికీ శబ్దం రాకపోతే వెనక మూత విప్పి దుమ్ము తుడవాలి" అని ఉంది. మాస్టారు చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు.

మంగళవారం పొద్దున కుర్ర డాక్టరు రౌండ్లకి వచ్చాడు. రౌండ్ల సమయంలో మంచాల మీద ఏమీ కనపడకూడదని పెద్ద నర్సు ఆజ్ఞ. పుస్తకాలన్నీ దిండ్ల కిందకి పోయాయి.

"కాలు ఎలా ఉంది?" అన్నాడు డాక్టరు కండక్టరుని.

"కాలుదేముందండీ, అదే అతుక్కుంటుంది. ఆ రాణి సంగతే అంతు పట్టడం లేదు. ఆమె కింద ముప్పై వేలమంది పనిచేస్తున్నారు డాక్టరుగారూ. ఒక్కడూ నోరు విప్పడు."

"ఎవరా రాణి?"

కండక్టరు గొంతు తగ్గించాడు. "మీకు తెలియకపోవడమే మంచిది. సాయంత్రం పూట పొగ పెడితేగాని బయటికి రారు."

డాక్టరు పెన్ను తీసి చీటీ మీద ఏదో రాసుకుని ఆరో మంచం దగ్గరకి నడిచాడు. మాస్టారు ఆయన చెయ్యి పట్టుకుని, "నలభై ఏళ్ళ సంసారం బాబూ నాది. మా ఆవిడ అలిగినప్పుడల్లా బతిమాలానే గాని, దుమ్ము తుడవాలని నాకెవరూ చెప్పలేదు" అన్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. తొమ్మిదో మంచం మీద మనిషి, "గౌరవనీయులైన అధికారిగారికి, నా పిత్తాశయం సెలవు మంజూరు చేయవలసిందిగా ప్రార్థన" అన్నాడు. డాక్టరు చీటీ మీద జాగా అయిపోయింది.

మూడు రోజుల కిందటే వార్డుకి కొత్త నొప్పి మాత్ర వచ్చింది. ఇంకేముంది, దాని పనే అనుకున్నాడు డాక్టరు. మాత్ర ఆపించి పాతది ఇప్పించాడు. పాతది నొప్పిని అంతగా లొంగదీయదు. రాత్రి ఎవరికీ నిద్ర పట్టలేదు. నిద్ర పట్టనివాళ్ళు ఏం చేస్తారు, చదివారు. చదివేసినవాళ్ళు పుస్తకాలు మార్చుకున్నారు. బుధవారం పొద్దునకి పొంతన లేని మాటలు ముగ్గురి నుంచి ఎనిమిదిమందికి పాకాయి.

అయితే మాత్ర కాదు, నీళ్ళేమోనని ఆరేళ్ళుగా మూత తియ్యని వాటరు ట్యాంకు తెరిపించారు. లోపల కనిపించినదాన్ని బట్టి అందరికీ అనుమానం బలపడింది. ట్యాంకు కడగడానికి రోజంతా నీళ్ళు ఆపేశారు. వార్డులోకి చుట్టాలను రానివ్వలేదు. మానసిక వైద్యుడికి కబురు వెళ్ళింది. కొత్త మాత్ర తెప్పించినందుకు మందుల గది ఫార్మసిస్టుని లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇమ్మన్నారు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్క మాట పడని మనిషి ఆయన.

ఈ గొడవ మొత్తంలో పెద్ద నర్సు ఒక్క విషయం కనిపెట్టింది. పుస్తకం చేతిలో ఉన్నంతసేపు రోగులు నోరెత్తరు. గురువారం పొద్దున ఆమె పుస్తకాల గదికి ఫోను చేసి కోడలికి జరిగినదంతా చెప్పింది.

"పిచ్చి మాటలు మాట్లాడేవాళ్ళు కూడా పుస్తకం ఇస్తే పసిపిల్లల్లా పడుకుంటున్నారండీ. మీరు పంపినవే ఇప్పుడు మాకు మందు. ఇంకో పది పంపండి. ఒకదాని కోసం ఇద్దరు కొట్టుకుంటే అట్ట ఊడింది, అది ఆయాతో పంపిస్తున్నాను, కుట్టించండి."

కోడలు మావయ్య బల్ల దగ్గరకి వచ్చి ఆ మాటలన్నీ అప్పజెప్పింది. ఫార్మసిస్టు సంగతి కూడా చెప్పి అయ్యో అంది. తరవాత మొహం వెలిగిపోతుండగా, "మీరు కుట్టిన పుస్తకాలు వైద్యానికి కూడా పనికొస్తున్నాయి మావయ్యా" అంది. మావయ్యకి నెత్తిన పాలు పోసినట్టయింది. ఆ ఆనందం మీదనే వీధి చివరకి వెళ్ళి కొత్త కళ్ళజోడు తెచ్చుకున్నాడు. ఆయన తిరిగి వచ్చేసరికి అట్ట ఊడిన పుస్తకం బల్ల మీద ఉంది.

కుట్టు ఎక్కడైనా వదులైందేమోనని తెరిచాడు. కుట్టు ఇనుములా ఉంది. అక్షరాలు కూడా ఇప్పుడు చక్కగా కనిపిస్తున్నాయి కదా అని ఒక పేరా చదివాడు. తేనెటీగల పెంపకం. పేజీ తిప్పాడు. తేనెపట్టు దగ్గరకి వెళ్ళిన మనిషి అక్కడ శవాన్ని చూసి కెవ్వుమన్నాడు. ఇంకో మడత తిప్పాడు. ఆ శవానికి మూడు పూటలా మిరియాల కషాయం ఇమ్మని ఉంది.

మావయ్య పుస్తకం మూసేశాడు. సోమవారం నేల మీద పరుచుకున్న నూటపది మడతలూ కళ్ళ ముందు మళ్ళీ పరుచుకున్నాయి. ఎముకల వార్డు, ట్యాంకు, మానసిక వైద్యుడు, ఎన్నడూ చూడని ఆ ఫార్మసిస్టు, అన్నీ తన మోచేతికి వచ్చి వేలాడుతున్నట్టు అనిపించింది. కోడలు అవతల ఫోనులో ఎవరితోనో, "మా మావయ్యగారే స్వయంగా కుట్టారండీ" అంటోంది. చెబుదామని లేచాడు. ఆ మాట విని ఆగిపోయాడు. సూదీ దారం, మైనం ముక్క, కత్తెర చేతిసంచిలో వేసుకుని, "కాస్త అలా వెళ్ళొస్తానమ్మా" అని బయటపడ్డాడు. ఎవరికీ తెలియకుండా మిగతా పదీ విప్పి కుట్టేస్తే సరిపోతుందనుకున్నాడు.

ఆసుపత్రి గుమ్మంలో ఇంకో ఆయా అడ్డుపడింది.

"ఎక్కడికి తాతగారూ?"

"కుట్లు వెయ్యాలమ్మా."

"కుట్లకా? ఎన్ని?"

"పది ఉన్నాయి. ఇంకోటి వెళ్ళాక నేనే చూసుకుంటాలే."

ఆయా ఆయన్ని పైనుంచి కిందకి చూసింది. పది కుట్లు పడే దెబ్బ తగిలి, తన కాళ్ళ మీద తను నడిచివచ్చి, ఇంకో కుట్టు వెళ్ళాక తనే చూసుకుంటాననే మనిషిని ఆమె అంతవరకు చూడలేదు. "ముందు మీరు కూర్చోండి, డాక్టరుగారు వస్తారు" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కట్లు కట్టే గదిలో దిగబెట్టింది. పుస్తకాలు అక్కడికే తెస్తారు కాబోలు అనుకుని మావయ్య స్టూలు మీద కూర్చున్నాడు. ఎదురుగా ఒక వడ్రంగి ముంజేతికి గుడ్డ చుట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఉలి జారి తెగిందట.

మావయ్య సంచి విప్పి సూది తీశాడు. మూడంగుళాల సూది. దారానికి మైనం రాయడం మొదలుపెట్టాడు. వడ్రంగి ఆ సూదినీ దారాన్నీ కన్నార్పకుండా చూశాడు.

"దారానికి అదేంటండీ రాస్తున్నారు?"

"మైనం. రాస్తే పదేళ్ళయినా తెగదు."

"పదేళ్ళా?" వడ్రంగి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "మరి మత్తు?"

"మత్తెందుకు? నలభై ఆరేళ్ళ చెయ్యి ఇది. ఇంతవరకు ఒక్కటీ అబ్బా అనలేదు. తప్పు పడితే విప్పేసి మళ్ళీ కుడతాను, అంతే. ఆ మాటకొస్తే ఇప్పుడు అన్నీ విప్పాలి."

వడ్రంగి లేచాడు. తలుపు దాకా వెనక్కి నడిచి, అక్కణ్ణించి పరుగందుకున్నాడు. వరండాలో ఎదురైన కుర్ర డాక్టరుని పట్టుకుని, "మీరు కుట్టకపోయినా ఫర్వాలేదు, నాకు తగ్గిపోయింది" అన్నాడు. రోగం వార్డు దాటి బయటికి కూడా పాకిందని డాక్టరుకి నీరసం వచ్చింది. పెద్ద నర్సుని వెంటబెట్టుకుని గదిలోకి వెళ్ళి చూస్తే, ఒక పెద్దమనిషి స్టూలు మీద కూర్చుని దారం పంటితో కొరుకుతున్నాడు.

"ఎవరండీ మీరు?"

ఇక దాచి లాభం లేదని మావయ్య లేచి నిలబడ్డాడు. "ముందు ఆ మందుల గది ఆయన్ని వదిలెయ్యండి బాబూ. ఆయన చేసిందేం లేదు. మీ వార్డుని ఇలా చేసింది నేను."

"మీరా? వాళ్ళకి ఏం ఇచ్చారు మీరు?"

"పుస్తకాలు."

కండక్టరు దిండు కిందనుంచి నవల తెప్పించారు. మావయ్య నలభై ఎనిమిదో పేజీ తీసి డాక్టరు చేతికిచ్చాడు. డాక్టరు చదివాడు. పేజీ తిప్పాడు. ఆయన మొహంలో రంగులు మారాయి. ఇంకో పేజీ తిప్పాడు. ఇంకోటి. నిజం తేలడానికి కావలసినదానికన్నా ఎక్కువే చదువుతున్నాడని పెద్ద నర్సుకి అనిపించి దగ్గింది.

"మరి ఆ ట్యాంకు?" అన్నాడు డాక్టరు పుస్తకం మూస్తూ.

"దాన్ని ఎలాగూ కడగాల్సిందేలెండి" అంది పెద్ద నర్సు. ఆ పూటే ఫార్మసిస్టు సంజాయిషీ కాగితం చింపేశారు. కొత్త మాత్రలు మళ్ళీ వార్డుకి వచ్చాయి. మానసిక వైద్యుణ్ణి రావద్దన్నారు.

కళ్ళజోడు సంగతితో సహా కబురందుకుని కోడలు ఆటోలో వచ్చేసరికి మావయ్య వరండా బెంచీ మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తల ఎత్తలేదు. ఆమె పక్కన కూర్చుంది.

"కళ్ళజోడు విరిగిందని ఒక్క మాట చెబితే ఏం పోయేది మావయ్యా?"

"చెబితే ఇంట్లో కూర్చోమంటావు కదమ్మా."

కోడలు సంచి తీసి పక్కన పెట్టింది. "అనేదాన్నే" అని ఒప్పుకుంది. "ఇక అనను. కళ్ళు కనపడకపోతే నేను అంకెలు చదివి పెడతాను, మీరు కుట్టండి. చెప్పకుండా మాత్రం కుట్టకండి."

శుక్ర, శని, ఆదివారాలు మావయ్య బల్ల వదల్లేదు. వార్డు నుంచి వెనక్కి తెప్పించిన పదితో కలిపి పదకొండూ విప్పి, ఏ మడత ఏ కథదో అక్షరం అక్షరం చదివి పట్టుకున్నాడు. ఆయన జీవితంలో పదకొండు పుస్తకాలు చదవడం అదే మొదలు. సోమవారం ఎక్కడివక్కడ అతికి, తీర్చిదిద్దినట్టున్న పుస్తకాలు వ్యానులో వెళ్ళాయి. ఆ రాత్రి ఆయనకి హాయిగా నిద్ర పట్టింది.

మంగళవారం పదింటికి ఫోను మోగింది. ఈసారి కండక్టరే చేశాడు. కోడలు స్పీకరు పెట్టింది.

"ఏంటండీ ఇది? మంచి పుస్తకాన్ని పాడుచేసి పంపారు. రాణిని పట్టుకునేదాకా వచ్చాను. ఇప్పుడు చూస్తే రాణీ లేదు, పొగా లేదు, హంతకుడు మేనమామట. అది నాకు రెండో పేజీలోనే తెలుసు."

"అసలు కథ అదేనండీ" అంది కోడలు.

"అసలు కథ మాకొద్దండీ. మాస్టారుగారు పొద్దుటినుంచి టీ కూడా ముట్టలేదు. ఆ భార్యాభర్తలు ఇందులో విడిపోయారట. ముందటి దాంట్లో ఆ అమ్మాయి రెండు స్క్రూలు బిగించగానే పాట పాడింది. మాకు ముందు కుట్టినట్టే కావాలి. డాక్టరుగారు కూడా సంతకం పెట్టారు, కాగితం పంపిస్తున్నాం."

ఫోను పెట్టేశాక కోడలు మావయ్య వైపు చూసింది. ఆమెకి నవ్వాలో వద్దో తెలియలేదు. "కావాలని తప్పు కుట్టడం మీ వల్ల అవుతుందా మావయ్యా?"

మావయ్య గడ్డం నిమురుకున్నాడు. "కాలరు వెనక్కి పెట్టమన్నవాడికి వెనక్కే పెట్టానమ్మా. వేసుకునేవాడి ఇష్టం. మన పని కుట్టడం." అని పక్క అరలోంచి వీపు ఊడిన అదే సైజు పుస్తకాలు ఇంకో ఎనిమిది దించుకున్నాడు. ఈసారి తొందరపడలేదు. ఒక్కో మడతా చదివి, ఏ కన్నీటి పక్కన ఏ మరమ్మతు అతుకుతుందో, ఏ శవానికి ఏ కషాయం సరిపోతుందో కొలిచి చూసుకుని రెండు రోజులు కూర్చుని కుట్టాడు. గురువారం వ్యానులో పంపాడు.

ఆ వారం ఎముకల వార్డులో ఇంటికి వెళ్ళగలిగేంతగా కోలుకున్నవాళ్ళు ఐదుగురు. వెళ్ళడానికి ఒప్పుకున్నది ఒక్కడే. అతనికి చదవడం రాదు.